రెండు తలల మైక్రోస్కోపు

ఆయన ముప్పై ఎనిమిదేళ్లు డాక్టరుగా పనిచేశాడు. ఒక్క రోగి ముఖం కూడా చూడలేదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఇందులో అతిశయోక్తి లేదు. ఆసుపత్రి కింది అంతస్తులో, వరండా చివరి గదిలో, మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడు. పైనున్న వార్డుల్లో జనం కడుపుల్లోంచీ గొంతుల్లోంచీ కోసి తీసిన ముక్కలు పల్చటి పొరలై, గాజు పలకల మీదికెక్కి ఆయన దగ్గరికి వచ్చేవి. చూసి, రెండు వాక్యాలు రాసి పంపేసేవాడు. ఆ రెండు వాక్యాలు విని పైన ఎవరో గుండెలు బాదుకునేవాళ్లు, ఎవరో హమ్మయ్య అనుకునేవాళ్లు. ఆ ఏడుపూ, ఆ హమ్మయ్యా ఎప్పుడూ మెట్లు దిగి ఈయన దాకా రాలేదు.

పెళ్లి సంగతంటారా? ఈ పరీక్ష అవనీ, ఆ ఉద్యోగం ఖాయం కానీ, అమ్మకు కాస్త నెమ్మదించనీ అంటూ వాయిదా వేసీ వేసీ, చివరికి అడిగేవాళ్లే అడగడం మానేశారు. అమ్మ పోయింది. ఉన్న ఒక్క అక్క వేరే ఊళ్లో ఉంటుంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. తనకు ఒక చెవి వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదనుకుని అరుస్తుంది. రిటైరైన రోజున ఆసుపత్రివాళ్లు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అందులో ఆ గడియారం చప్పుడు ఎంత పెద్దగా వినిపించేదంటే, నాలుగో రోజుకే దాని బ్యాటరీ పీకి సొరుగులో పడేశాడు.

అలా రెండేళ్లు. కూరగాయల కొట్టు మనిషి "ఇంకేం కావాలి?" అని అడుగుతాడు చూడండి, ఆ ఒక్క ప్రశ్న కోసం ఈయన మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. ఇంట్లో ఉల్లిపాయలు మొలకలెత్తుతుంటే ఇంకో కిలో కొనేవాడు. పాపం అనుకోండి, పిచ్చి అనుకోండి, మీ ఇష్టం.

అలాంటి రోజుల్లో పాత శిష్యుడు ఫోన్ చేశాడు. చదువుకునే రోజుల్లో ఒక చోట నిలిచేవాడు కాదని వాణ్ణి అందరూ బొంగరం అనేవాళ్లు. ఇప్పుడు పెద్ద పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు, జుట్టు నెరిసింది, అయినా ఫోన్ మాట్లాడుతూ గది చుట్టూ తిరుగుతున్నాడని గొంతులోనే తెలిసిపోయింది.

"సార్, కళ్లు బాగున్నాయా?"

"కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి. మోకాళ్లే..."

"మోకాళ్లతో నాకు పనిలేదు సార్. కళ్లు తీసుకుని సోమవారం వచ్చేయండి."

పని ఏమిటంటే, కీళ్ల నొప్పులకు జనం మింగే మాత్రలున్నాయి కదా, అవి నొప్పిని తగ్గిస్తాయి గానీ కొందరికి కడుపులో పుండు పెడతాయి. కడుపు లోపలి పొరను కాపాడుకునే ఏర్పాటు ఒకటి మన ఒంట్లోనే ఉంది. మాత్ర నొప్పిని ఆపే తొందరలో ఆ కాపలాను కూడా ఆపేస్తుంది. అన్నం అరిగించాల్సిన ఆమ్లం ఆ పొరనే అరిగిస్తుంది. అంత జరిగినా కడుపు చేతులు ముడుచుకుని కూర్చోదు. పుండు అంచున ఉన్న కణాలు కొన్ని ప్రొటీన్లను తయారుచేసి మరమ్మతు మొదలుపెడతాయి. వాటిలో ఒకటి కొత్త రక్తనాళాల్ని అటు రప్పిస్తుంది. బొంగరం బృందం ఎలుకల్లో ఇలాంటి పుండు పుట్టించి, దాన్ని మాన్పడానికి కొత్త మందొకటి ఇచ్చి, ఆ రక్తనాళాల ప్రొటీను ఎక్కడ ఎంత వచ్చిందో చూస్తోంది. ప్రొటీను మామూలుగా కంటికి ఆనదు. రంగు పట్టిస్తే, అది ఉన్న చోట గోధుమరంగు తేలుతుంది. అసలు లేకపోతే సున్నా వేయాలి. లేతగా ఉంటే ఒకటి, బాగా ఉంటే రెండు, ముదురుగా ఉంటే మూడు. అంతే పని.

అంతే అన్నాను గానీ ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న తగువు మామూలు తగువు కాదు. ఆ తేడాను కొలవడానికి కన్ను తప్ప వేరే తూకం లేదు. అందుకే అక్కడ ఒక నియమం పెట్టారు. ప్రతి పలకనూ ఇద్దరు చూడాలి. ఏ పలక మందు పడిన ఎలుకదో, ఏది పడనిదో ఇద్దరికీ తెలియకూడదు, పలక మీద అంకె మాత్రమే ఉంటుంది. ఒకరు వేసిన మార్కు ఇంకొకరు చూడకూడదు. ఇద్దరి కాగితాలూ సీలు వేసిన కవర్లలో బొంగరం చేతికి వెళ్తాయి. ఎక్కడైనా మార్కులు కలవకపోతే, ఆ పలకల వరకూ గురువారం ఉదయం పదకొండింటికి ఇద్దరూ రెండు తలల మైక్రోస్కోపు దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకే పలకను ఒకేసారి చూసి, మాట్లాడుకుని, ఒక మాట మీదికి రావాలి. అలా తేలిన మార్కే చివరి మార్కు.

పరిశోధనశాలలో పిల్లలు ఈయనకు ఒకటో కన్ను అని పేరు పెట్టారు. ఈయనతో పాటు పలకలు చూసే ఆమె రెండో కన్ను. ఈయన పొద్దున్న చూసి వెళ్లిపోయేవాడు, ఆమె మధ్యాహ్నం వచ్చేది. నెల రోజులు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. మొదటి విడత నలభై పలకల్లో ఒక్కదానికి మాత్రం మార్కులు కలవలేదు. ఆ గురువారం మొదటిసారి ఎదురుపడ్డారు.

యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. పిల్లలు పెద్దయ్యాక ఈ పని నేర్చుకుందట, నలభై ఏళ్లు దాటాక కాలేజీ బల్ల మీద కూర్చుందట. కుర్చీలో సర్దుకుంటూనే మొదలుపెట్టింది.

"సార్, మీరు దీనికి ఒకటి వేశారట."

"వేశానమ్మా."

"ఎలా వేశారు సార్? పుండు ఒడ్డు చూడండి. ఇదిగో, నా బాణం ఎక్కడుందో చూస్తున్నారా?" మైక్రోస్కోపు లోపల ఆకుపచ్చ వెలుగుతో చిన్న బాణం కదిలింది. "ఇక్కడుంది, ఇక్కడుంది, ఈ మూల కూడా ఉంది. ఇదంతా రంగు కాకపోతే మరేంటి, మీ కళ్లజోడు మీద మరకా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఏమో, గొంతు పొలమారినట్టయి దగ్గొచ్చింది. ఆమె కంగారుపడి మంచినీళ్లిచ్చింది. తర్వాత గంట పది నిమిషాలు వాదించుకున్నారు. మధ్యలో ఆమె ఇంటి సంగతులు కూడా చెప్పింది. "గోడ మీద మరక పడితే చాలు సార్, మా పిల్లలు 'అమ్మా, ఇది ఒకటా, రెండా?' అని నన్ను ఏడిపిస్తారు." ఆఖరికి రెండు అని తేల్చారు.

ఆ సాయంత్రం ఆయన పళ్లెం కడుగుతూ ఆ మాటలన్నీ మళ్లీ అన్నాడు. ఆమె మాటలు ఆమె గొంతుతో, తన మాటలు తన గొంతుతో. మధ్యలో రెండుసార్లు నవ్వాడు కూడా.

రెండో విడతలో నలభైకి నలభై కలిశాయి. "అదరగొట్టారు సార్!" అని బొంగరం భుజాలు పట్టుకుని ఊపేశాడు. గురువారం కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. ఆ గురువారం ఈయన పెందలాడే ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చుని, పదకొండు ఎప్పుడవుతుందా అని చూసి, అయ్యాక పన్నెండు ఎప్పుడవుతుందా అని చూశాడు. చుట్టాల్లో ఎవరో పోయినట్టనిపించింది. అంత మంచి ఫలితం మీద ఎవరైనా ఏడుస్తారటండీ? ఈయన ఏడ్చాడు.

మూడో విడతలో, ఒక పలక దగ్గర, చెయ్యి ఆగింది. అది రెండు. అనుమానమే లేదు. జేబులోంచి చిన్న డైరీ తీసి, పలక నంబరు వేసి, పక్కన రెండు అని రాసుకున్నాడు. నిజం ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే ఆ చేతికి నిద్ర పట్టదు, అంత నిప్పులు కడిగే అలవాటు. ఆ తర్వాత, అసలు కాగితం మీద, ఒకటి అని వేశాడు.

గురువారం పదకొండింటికి ఆమె వచ్చింది. "మళ్లీ మొదలెట్టారా సార్!" అంది. ఆయన ముప్పావుగంట మొండికేసి, వాదించి, తర్వాత మెత్తబడి, "సరేనమ్మా, నువ్వన్నట్టు రెండే" అన్నాడు. ఆమె విజయగర్వంతో వెళ్లింది. చివరి మార్కు సరైనదే పడింది కదా, ఎవరికేం నష్టం అనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం ఎంత చక్కగా ఇస్త్రీ చేసినట్టుంటుందో చూశారా.

ఇక పిచ్చి ముదిరింది. నాలుగో విడతలో మూడు అబద్ధాలు, అయిదో విడతలో ఆరు, ఆరో విడతలో తొమ్మిది. అన్నీ డైరీలోకి ఎక్కాకే కాగితం మీదికి. అన్నీ రెండును ఒకటి చేయడమే. తొమ్మిది పలకలంటే గంటా రెండు గంటలు సరిపోవు, మధ్యాహ్నం దాకా సాగేది, ఆమె తన డబ్బాలోది ఆయనకు కూడా పెట్టేది. ఆయన బుధవారమే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. దువ్వెన కొత్తది కొన్నాడు, ఉన్న జుట్టుకు పాతదే ఎక్కువ. అక్క ఆదివారం ఫోన్‌లో "ఏరా, గొంతులో ఆ హుషారేంట్రా? ఏమైనా దొంగతనం చేశావా?" అని అరిచింది. "భలేదానివే అక్కా" అని నవ్వేశాడు గానీ తేలు కుట్టినట్టే అయింది.

ఆమె మాత్రం ఆ మధ్య కాస్త తగ్గింది. మునుపటిలా గదమాయించడం లేదు. "మరకా?" అనడం లేదు. ఆయన అది గమనించలేదు. గమనించి కూడా పట్టించుకోలేదేమో, ఆయన్ని నేను వెనకేసుకు రాను.

ఏడో విడతలో మళ్లీ తొమ్మిది వేశాడు. గురువారం పదిన్నరకే వెళ్లి కూర్చున్నాడు. తొమ్మిదితో పాటు నిజంగా తేడా వచ్చినవి ఒకటో రెండో, వెరసి పదో పదకొండో పలకలు ఉండాలి. ట్రేలో మూడే ఉన్నాయి.

ఏదో పొరపాటు జరిగిందనుకుని బొంగరం గదికి వెళ్లాడు. బొంగరం కాగితాలు ఊపుతూ గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "చూశారా సార్! నలభైకి ముప్పై ఏడు కలిశాయి. పోయిన విడత ఆవిడ మీతో నూటికి డెబ్భై ఎనిమిది కూడా కలవలేదు. ఎనభై తగ్గితే నేను జవాబు చెప్పుకోవాలి. అందుకే పిలిచి గట్టిగా చెప్పాను, పెద్దాయన కన్నే మాకు కొలబద్ద, ఆయనతో కలవకపోతే నెలాఖరుకు వేరే మనిషిని చూసుకుంటామని. దెబ్బకు దారికొచ్చింది."

ఆయన మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అప్పటికే వచ్చి ఉంది. కొత్త కళ్లజోడు పెట్టుకుంది, కాస్త పెద్దది, ముఖానికి నప్పలేదు.

మొదటి పలక పెట్టారు. ఆయన అబద్ధాల్లో అదొకటి. వాదన మొదలుపెట్టబోతుండగానే ఆమె, "ఒకటే సార్. మీరన్నదే వేసేద్దాం" అంది.

"అదేంటమ్మా, నువ్వు రెండు వేశావుగా?"

"పొరపాటున వేసుంటాను."

ఆయన రెండో పలక పెట్టమన్నాడు. ఇందులో ఆయన అబద్ధమాడలేదు. ఎవరు చూసినా రెండు అనే పలక అది, పుండు అంచు పొడుగునా గోధుమరంగు తీగలు పాకి ఉన్నాయి. దానికి ఆమె ఒకటి వేసింది.

"అమ్మా, ఇది నీకు ఒకటిలా కనిపించిందా?"

ఆమె మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. "లేదు సార్. రెండులాగే కనిపించింది."

"మరి?"

"మీరు ఒకటి వేస్తారనుకున్నాను." పలకను అటూ ఇటూ జరుపుతూ మళ్లీ అంది. "నాకు రెండనిపించిన చోటల్లా మీరు ఒకటి వేస్తున్నారు కదా సార్. ముప్పై ఎనిమిదేళ్లు చూసిన కళ్లు మీవి. తప్పు నాదే అయ్యుంటుంది. అందుకని ఈసారి నాకేం కనిపిస్తోందో చూడ్డం మానేసి, మీకేం కనిపిస్తుందో అని ఆలోచించి వేశాను. చాలా వరకు కలిశాయట. అయినా ఈ నెలాఖరుకు మానేస్తున్నాను సార్. కంటి మీద నమ్మకం పోయాక ఈ పని చేయకూడదు. ఎలుకల ప్రాణాలు పోతున్నాయి, రేపు మనుషులు మింగాల్సిన మందు, నేను ఉద్యోగం కోసం గుడ్డి లెక్క వేస్తూ కూర్చోకూడదు."

ఆయనకు లెక్క తేలిపోయింది. తొమ్మిది అబద్ధాల్లో ఈ ట్రేలోకి వచ్చినవి రెండే. మిగతా ఏడింటికి ఆయన అబద్ధంగా ఒకటి వేశాడు, ఆమె భయపడి ఒకటి వేసింది. ఇద్దరి మార్కులూ కలిశాయి, కాబట్టి వాటి మీద వాదన ఉండదు, ఎవరూ మళ్లీ చూడరు. మానుతున్న పుండును మానలేదని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టినట్టయింది. ఆ ఏడూ ఎప్పటికీ ఒకటిగానే ఉండిపోతాయి. ఎదురుగా ఉన్న మనిషి, ఆయన చూసినవాళ్లలోకెల్లా మంచి కన్ను ఉన్న మనిషి, తన కన్ను పోయిందనుకుని వెళ్లిపోతుంది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "ఒంట్లో బాగాలేదమ్మా, మిగతాది రేపు చూద్దాం" అని లేచి వచ్చేశాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్లండి సార్" అంది. ఆ మాటకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకు.

ఇంటికెళ్లి, మధ్యాహ్నం మూడింటికి, ఆదివారం కాకపోయినా, అక్కకు తనే ఫోన్ చేశాడు.

"ఎవర్రా పోయారు?" అని అరిచింది అక్క.

"ఎవరూ పోలేదక్కా."

"మరి నువ్వు ఫోన్ చేయడమేంట్రా? పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడు చేశావు?"

"ఊరికే అక్కా. ఒకటి అడగనా? నేను ఎవరినైనా, ఏదైనా, కావాలని నోరు తెరిచి అడగడం నువ్వెప్పుడైనా చూశావా?"

అక్క పగలబడి నవ్వింది. "నువ్వా? ఆకలేస్తే అన్నం పెట్టమని కూడా అడిగేవాడివి కాదురా! వంటింట్లోకి వెళ్లి పళ్లెం నేలకేసి కొట్టేవాడివి. ఏం విరిగిందోనని అమ్మ పరిగెత్తుకొచ్చేది. వచ్చాక నీ ముఖం చూసి అన్నం పెట్టేది. నాకేమో ఒళ్లు మండేది, ఎందుకంటే పడేసింది అక్కేనని అమ్మకు చెప్పేవాడివి." నవ్వు ఆపి, ఆ పెద్ద గొంతును వీలైనంత చిన్నది చేసుకుని అడిగింది. "ఇప్పుడేం పడేశావురా?"

ఆయన అంతా చెప్పాడు. అక్కకు సగమే వినపడింది. సగం చాలు.

"వెళ్లి చెప్పు. నా పేరు చెప్పకుండా, నీ పేరే చెప్పు" అని పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే బొంగరం గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డైరీ బల్ల మీద పెట్టి, ఏం చేశాడో మొదటి నుంచీ చెప్పాడు. బొంగరం ఎప్పటిలా తిరుగుతూ వింటున్నవాడల్లా సగంలో ఆగిపోయాడు. వాడు అలా ఒకచోట నిలబడటం ఆయన మొదటిసారి చూశాడు.

బొంగరం తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "సార్, ఇది మనిద్దరి మధ్యే ఉండనీండి. మీకు చూపు మందగించిందని రాద్దాం. శుక్లాలు అందాం. ఎవరూ తప్పుపట్టరు. మీ దగ్గర చదువుకున్నవాళ్లు ఈ ఊళ్లో సగం ఆసుపత్రుల్లో ఉన్నారు, వాళ్ల ముందు మీరు..."

ఆశ పుట్టలేదని చెప్పను. పుట్టింది. శుక్లాలు ఎంత గౌరవమైన జబ్బు! కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. "చూపు పోయిందంటే నేను చూసిన రెండొందల ఎనభై పలకలూ అనుమానమే అవుతాయి నాయనా. అన్నీ మళ్లీ చూడాలి. అబద్ధమాడానంటే ఇరవై ఎనిమిదే. ఏవేవో ఇందులో ఉన్నాయి. వాటిలో పంతొమ్మిది ఆమె నిలదీస్తే సరైపోయాయి. ఏడు మిగిలాయి. నిన్న ట్రేలోకి వచ్చినవి రెండూ ఇంకా తేల్చలేదు, వాటినీ తేల్చుకో."

బొంగరం డైరీ తిప్పి సరిచూసుకున్నాడు.

"ఎందుకు సార్? ఏం తక్కువైంది మీకు?" అన్నాడు, గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

"మాట్లాడటానికి. వేరే ఏం కాదు, నువ్వు ఇంకోలా అనుకోకు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని, కాదు, తప్పు, ఇటు చూడండి అంటుంటే బాగుండేది."

బొంగరం కుర్చీలో కూలబడ్డాడు. ఆయనే అన్నాడు. "ఆమెను పిలిపించు. నేనే చెప్తాను."

ఆమె వచ్చింది. చెప్పాడు. అలవాటు కొద్దీ "అమ్మా" అని మొదలుపెట్టాడు గానీ రెండోసారి ఆ పిలుపు నోటికి రాలేదు. ఆమె పూర్తిగా విని, కొత్త కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"రెండు జతలు మార్చాను సార్. కంటి డాక్టరు నీకేం లేదు తల్లీ అంటే నమ్మక, ఆయనతో పోట్లాడి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా అమ్మకు చివరి రోజుల్లో చూపు పోయింది. నాకూ మొదలైందనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పిల్లల ముఖాలు చూసినప్పుడల్లా, ఇంకెన్నాళ్లు చూస్తానో అనుకునేదాన్ని." "కాసేపు కూర్చుని మాట్లాడమ్మా అని ఒక్క మాట అడిగుంటే కూర్చునేదాన్ని కదా సార్! రోజూ కూర్చునేదాన్ని. మా ఇంటికి రమ్మనేదాన్ని. ఇప్పుడు ఎలా కూర్చోను?"

ఆయన తప్పయిందన్నాడు. ఆ మాట ఆయనకే చాలా చిన్నదిగా వినిపించింది.

ఆమె ముఖం తుడుచుకుని బొంగరం వైపు తిరిగింది. "ఆ ఏడు పలకలూ ఇవ్వండి. ఇప్పుడే చూస్తాను."

"మీరొద్దులెండి, కొత్త మనిషిని పెట్టి చూపిస్తాం. మీరు నెమ్మదించాక..."

"కొత్త మనిషి కూడా చూడనీండి. ముందు నేను చూడాలి." ఆమె డైరీని చేత్తో ముట్టుకోకుండా బల్ల అంచుకు నెట్టింది. "అందులో ఏముందో నాకెవరూ చెప్పకండి."

పక్క గదిలో రెండు తలల మైక్రోస్కోపు దగ్గర ఆమె కూర్చుంది. పాత కళ్లజోడు సంచిలోంచి తీసి పెట్టుకుంది. బొంగరం కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు, వెళ్లమని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

మొదటి పలక మీద చాలాసేపు ఉంది. పలకను అటూ ఇటూ జరిపింది, మళ్లీ మొదటికి తెచ్చింది. "రెండు" అని, చటుక్కున గుమ్మం వైపు చూసింది. ఆ చూపులో ఉన్న భయం చూసి ఆయనకు ఏడుపొచ్చింది. అవునమ్మా, రెండే, అని అరవాలనిపించింది. కదలకుండా, రెప్ప వేయకుండా నిలబడ్డాడు. ఆయన తలూపితే ఆమె మళ్లీ ఆయన కన్నుతో చూసినట్టే అవుతుంది.

"రెండే" అంది ఆమె బొంగరంతో. బొంగరం రాసుకున్నాడు.

రెండో పలకకు కూడా రెండు అంది. ఈసారి గుమ్మం వైపు సగం తల తిప్పి, ఆపుకుంది.

మూడో పలక పెట్టింది. ఆ నంబరు ఆయనకు గుర్తుంది. డైరీలో రెండు అని రాసుకున్న పలక, కల్తీ లేని రెండు. ఆమె కాసేపు చూసి, బాణం కదిపి, నిటారుగా కూర్చుంది.

"ఇది మూడు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. మూడా? కాదే. అంచున ముదురుగా ఉంది నిజమే, కానీ అది పలక మీది పొర మడతపడిన చోటు కదా. లేక తనే మడత అనుకుని పొరబడ్డాడా? ఇన్ని వారాలు దొంగ తగువులు పెట్టుకున్నాడు, ఇప్పుడు నిజమైన తగువొచ్చింది. ఆమెకు ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీగా ఉంది. పదడుగుల దూరం కూడా ఉండదు. అరవై ఏడేళ్ల జీవితంలో ఆయన మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"అమ్మా, ఒక్కసారి నేను కూడా చూడొచ్చా?"

ఆమె తల తిప్పలేదు. గొంతులో కోపం లేదు, తడబాటు కూడా లేదు.

"వద్దు సార్," అంది. బొంగరంతో, "మూడు. రాసుకోండి. నాలుగోది ఇవ్వండి" అంది.

ఆయన లోపల ఏదో తెగింది. ఆ వెంటనే, అంతకంటే పెద్దగా, సంతోషం కూడా కలిగింది, ఆమె కన్ను ఆమెకు వచ్చేసినందుకు. రెండూ కలిసి మీదపడితే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, వరండాలోకి వచ్చాడు. లోపలి నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.